కనాను స్త్రీ “నిజమే ప్రభువా” అన్న మాట: స్త్రీల కూడికలో ఈ పాఠం ఎలా చెప్పాలి?

ఒలీవచెట్టు
అందరికీ వందనాలు. స్త్రీల సమాజం కూడికకు మత్తయి 15:21-28 ఇచ్చారు. తూరు, సీదోనుల ప్రాంతంలో ఒక కనాను స్త్రీ దయ్యం పట్టిన కూతురి కోసం యేసును వేడుకుంటుంది, పిల్లల రొట్టె తీసి కుక్కపిల్లలకు వేయడం తగదని ఆయన అంటే, నిజమే ప్రభువా, కుక్కపిల్లలు కూడా బల్ల మీద నుంచి పడే ముక్కలు తింటాయి గదా అంటుంది, కూతురు బాగవుతుంది, ఆ భాగం. అంశం “ధైర్యమూ తగ్గింపూ గల విశ్వాసం”. సమయం 45 నిమిషాలు. ముప్పై మంది దాకా వస్తారు. వాళ్లలో సగం మంది చదవడం రాని పెద్దవాళ్లు, మిగతా సగం కాలేజీ చదువులు చదివిన కోడళ్లు.

రెండు చోట్ల ఆగిపోతున్నాను. “కుక్కపిల్లలు” అన్న మాట దగ్గర ఏం చెప్పాలి? రెండోది, ధైర్యం ఒక పాయింటు, తగ్గింపు ఇంకో పాయింటు అని విడగొడితే పాఠం రెండు ముక్కలైపోతోంది. ఆ రెండూ ఒకే మనిషిలో ఎలా కలిశాయో వాక్యంలోంచే చూపించాలి. తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

తూరుదారి
వందనాలమ్మా. ముందు చోటు చూపించండి. 14వ అధ్యాయం చివర యేసు గెన్నేసరెతులో, అంటే గలిలయ సరస్సు ఒడ్డున ఉన్నాడు. అక్కడి నుంచి తూరు వాయవ్య దిక్కున, సముద్రం ఒడ్డున ఉంది. తిన్నగా గీత గీస్తే సుమారు 55 కిలోమీటర్లు. కొండల దారిలో నడిచేవాళ్లకు ఇంకా ఎక్కువే. తూరు నుంచి సీదోను ఉత్తరంగా మరో 35 కిలోమీటర్లు. ఇప్పుడు రెండూ లెబనాన్‌లో ఉన్నాయి.

పాత నిబంధన తెలిసినవాళ్లకు ఆ పేర్లు చేదు. యెజెబెలు తండ్రి ఎత్బయలు సీదోనీయుల రాజు (1 రాజులు 16:31). యెహెజ్కేలు 26 నుంచి 28 వరకు తూరు మీద తీర్పే. ఇదే సంగతిని 7వ అధ్యాయంలో రాసిన మార్కు, మన పాఠంలోని స్త్రీని సురోఫెనికయ వంశంలో పుట్టిన గ్రీసు దేశస్థురాలు అంటాడు. ఆ కాలపు జనం వాడే మాట అది. మత్తయి కావాలనే పాత మాట ఎంచుకుని “కనాను స్త్రీ” అంటాడు. కొత్త నిబంధనలో ఒక మనిషిని అలా పిలిచింది ఇక్కడ ఒక్కచోటే.

ఒక హెచ్చరిక. తెలుగు బైబిల్లో మత్తయి 10:4 లో “కనానీయుడైన సీమోను” ఉంది కాబట్టి ఎవరో ఒకరు అడుగుతారు. అది వేరే మాట. అరామిక్‌లో ఆసక్తిపరుడు అని అర్థం. లూకా అదే సీమోనును జెలోతే అన్నాడు. అతను కనాను జాతివాడు కాదు.

మ్యాపు మీద ఐదు నిమిషాలు మించనివ్వకండి. చాక్‌పీసుతో నేల మీద సరస్సు, సముద్రం, మధ్యలో కొండలు గీస్తే చాలు.

మార్కు_ఏడు
తూరుదారి అన్న చెప్పినదానికి కలుపు. పేరాకు ముందు ఏముందో చదవకపోతే సగం పోతుంది. 15:2 లో యెరూషలేము నుంచి వచ్చిన పరిసయ్యులు, శాస్త్రులు శిష్యులు చేతులు కడుక్కోకుండా తింటున్నారని తప్పు పట్టారు. గ్రీకులో అక్కడ “రొట్టె తినేటప్పుడు” అనే ఉంది. అంటే రొట్టె గురించి, శుద్ధి గురించి పెద్ద తగవు జరిగింది. ఆ వెంటనే, శుద్ధి లెక్కల్లో అసలు చోటే లేని ఒక స్త్రీ వచ్చి బల్ల మీద నుంచి పడే ముక్కల గురించి మాట్లాడుతుంది. మత్తయి ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టాడు.

ఇంకొంచెం వెనక్కి, 14:31 లో నీళ్ల మీద మునిగిపోతున్న పేతురుతో “అల్పవిశ్వాసీ” అన్నాడు ప్రభువు. 15:28 లో ఈ స్త్రీతో “నీ విశ్వాసము గొప్పది” అన్నాడు. ఒక్క అధ్యాయం తేడా. మత్తయి సువార్తలో ప్రభువు విశ్వాసాన్ని ఇంతగా మెచ్చుకున్నది ఇద్దరినే, ఈమెనూ 8వ అధ్యాయంలో శతాధిపతినీ (రోమా సైన్యాధికారి). ఇద్దరూ అన్యులు. ఇద్దరూ తమ కోసం కాక ఇంకొకరి కోసం అడిగారు. ఇద్దరి విషయంలోనూ ఆయన ఆ ఇంటికి వెళ్లకుండానే బాగుచేశాడు.

సండేస్కూల్_అక్క
చదవడం రానివాళ్లు ఉన్నారన్నారు కాబట్టి ఆమె మూడుసార్లు మాట్లాడిన మాటల మీదే పాఠం నిలబెట్టండి. మూడూ కంఠతా వచ్చేస్తాయి.

మొదటిది పొడవైనది: “ప్రభువా, దావీదు కుమారుడా, నన్ను కరుణింపుము, నా కుమార్తె దయ్యముపట్టి, బహు బాధపడుచున్నది”. జబ్బు కూతురిది, కరుణించమన్నది తనను. ఈ ఒక్క మాట దగ్గర కాసేపు ఆగండి, తల్లులందరికీ వేరే వివరణ అక్కర్లేదు.

రెండోది చిన్నది: “ప్రభువా, నాకు సహాయము చేయుము”. గ్రీకులో మూడే పదాలు. “దావీదు కుమారుడా” అన్న బిరుదు ఇక్కడ లేదు. ఇశ్రాయేలు ఇంటి గొఱ్ఱెల దగ్గరికే పంపబడ్డానని ఆయన అన్న తర్వాత ఆమె ఇశ్రాయేలు రాజు బిరుదుతో మళ్లీ పిలవలేదు. మొక్కి, ప్రభువా అని మాత్రం అంది.

మూడోది “నిజమే ప్రభువా” తో మొదలవుతుంది.

చెప్పేటప్పుడు జరిగే పొరపాటు ఏమిటంటే, మొదటి మాటకూ రెండో మాటకూ మధ్య ఉన్న మౌనాన్ని దాటేస్తాం. “ఆయన ఆమెతో ఒక్క మాటయైనను చెప్పలేదు.” అక్కడ మీరూ నిజంగా ఆగండి, ముప్పై సెకన్లు. పది సెకన్లయితే ఎవరూ గమనించరు. నిమిషం దాటితే గుసగుసలు మొదలవుతాయి. ముప్పై దగ్గర ఆ మౌనం బరువు తెలుస్తుంది. వాచీ చూసుకోండి.

ఒలీవచెట్టు
చాలా ఉపయోగం అక్కా. శిష్యులు “పంపివేయుము” అన్నారు కదా, వాళ్లను కఠినులుగానే చెప్పాలా?

మార్కు_ఏడు
అంత తొందరపడకండి. ఆ గ్రీకు మాటకు వదిలించుకోవడం అనీ, అడిగింది ఇచ్చి విడిచిపెట్టడం అనీ రెండు అర్థాలూ వస్తాయి. యేసు జవాబు చూడండి: “ఇశ్రాయేలు ఇంటివారై నశించిన గొఱ్ఱెలయొద్దకే గాని...”. వాళ్లు ఊరికే తరిమేయమని అడిగి ఉంటే ఈ జవాబు అతకదు. “ఆమె అడిగింది ఏదో చేసి పంపించెయ్ ప్రభువా, వెనకాలే అరుస్తోంది” అన్నారనుకుంటే అతుకుతుంది. వాళ్ల మనసులో జాలి కంటే విసుగు ఎక్కువ ఉందన్నది మాత్రం “కేకలు వేయుచున్నది గనుక” అన్న కారణంలోనే తెలుస్తోంది.

వాక్యధ్యాని
“కుక్కపిల్లలు” గురించి. నేను చెప్పేది సులువు. గ్రీకులో కునారియోన్ అంటే ఇంట్లో పెంచుకునే చిన్న కుక్కపిల్ల. మత్తయి 7:6 లో “పరిశుద్ధమైనది కుక్కలకు పెట్టకుడి” అన్నచోట ఉన్నది మామూలుగా కుక్కను చెప్పే వేరే మాట. కాబట్టి ఇది తిట్టు కాదు, ముద్దుమాట. అదే చెప్పేయండి, ఇబ్బంది ఉండదు.

తూరుదారి
అన్నా, సగం ఒప్పుకుంటాను. మాట వేరన్నది నిజం, బల్ల కింద తిరిగే ఇంటి కుక్కపిల్లలన్నదీ నిజం. ముద్దుమాట అంటే మాత్రం ఒప్పుకోలేను. పిల్లలూ కుక్కపిల్లలూ అని రెండు వరసలు పెట్టి, నువ్వు రెండో వరస అన్నప్పుడు, కుక్కపిల్ల ఎంత చిన్నదైనా వరస మారదు. ఆ దెబ్బ ఆమెకు తగిలింది. దాన్ని తీసేస్తే ఆమె జవాబులో బలమూ పోతుంది.

మార్కు రాసిన ఒక మాట ఇక్కడ తప్పకుండా తీసుకోండి: “పిల్లలు మొదట తృప్తి పొందవలెను” (7:27). మత్తయిలో ఈ “మొదట” లేదు. మొదట అంటే తర్వాత అని ఒకటి ఉంటుందని. తలుపు మూసేశాడు అనిపించే మాటలో ఆ సందు ఉంది, ఆమె దాన్ని పట్టుకుంది.

గుంటూరు_లూథరన్
ఈ సందు గురించి మార్టిన్ లూథర్ తన ప్రసంగంలో చెప్పాడు. పాత పద్ధతిలో లెంటు (ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస కాలం) రెండో ఆదివారం సువార్త పాఠం ఇదే. ఆయన చెప్పిన దాని సారం: ప్రభువు జవాబులన్నీ “కాదు” లాగే వినిపిస్తాయి గానీ, ఒక్కటి కూడా పూర్తిగా “కాదు” కాదు, ఆమె ఆ “కాదు” కింద దాగిన “అవును” ను పట్టుకుంది, ఆయన మాటతోనే ఆయనను పట్టేసింది. మన లూథరన్ సంఘాల్లో పెద్దవాళ్లకు ఈ ఆలోచన కొత్త కాదు.

ఇంకొకటి. ఆంగ్లికన్ ఆరాధన క్రమంలో ప్రభువు బల్లకు ముందు చేసే ప్రార్థనలో “నీ బల్ల క్రింద పడిన ముక్కలు ఏరుకొనుటకైనను మేము పాత్రులము కాము” అనే భావం ఉంది. 1548 లో వచ్చి 1549 ప్రార్థన గ్రంథంలో చేరింది. ఆ సంప్రదాయం నుంచి వచ్చిన సంఘాల స్త్రీలు మీ కూడికలో ఉంటే, సంస్కారం రోజు వినే ఆ మాట ఎవరి నోటి నుంచి వచ్చిందో చెప్పండి.

సమాధానపురం
ఒక మాట నేను తప్పక చెప్పాలి. ఈ వాక్యభాగాన్ని తెలుగు సంఘాల్లో చెప్పేటప్పుడు వినేవాళ్లు ఎవరో మర్చిపోకూడదు. మన విశ్వాసుల్లో చాలామంది పెద్దలు వేరే గ్లాసు, వేరే వరస, చేతికందకుండా పైనుంచి పోసే నీళ్లు చూసిన కుటుంబాలవాళ్లు. “ఆమెలాగా మనమూ కుక్కపిల్లలం అని ఒప్పుకోవాలి, అదే తగ్గింపు” అని బోధిస్తే, ఊరు వాళ్ల మీద వేసిన మాటను బైబిలు చేత మళ్లీ వేయించినట్టే. దయచేసి అలా చెప్పకండి.

తగ్గింపు అంటే “నీ స్థానం నీకు తెలియాలి” అన్నది కాదు. తన స్థానం తెలిసి నోరు మూసుకుని వెళ్లిపోయి ఉంటే ఈ ఎనిమిది వచనాలు ఉండేవి కావు. కడపటి వచనంలో ఆయన ఆమెను ఏమని పిలిచాడో చూడండి: “అమ్మా”. మన తెలుగు అనువాదం ఆ సంబోధనను చక్కగా పట్టుకుంది. కుక్కపిల్లల మాటతో మొదలైన సంభాషణ అమ్మా అన్న పిలుపుతో ముగిసింది. ఆ పిలుపు చదివేటప్పుడు గొంతు తగ్గించకండి.

వాక్యధ్యాని
సమాధానపురం గారు చెప్పింది సరైనదే. “ముద్దుమాట” అన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. మరి తగ్గింపు ఎక్కడుంది అంటారు?

మార్కు_ఏడు
27వ వచనాన్ని ఒక్కో పదంగా తీసుకుందాం. ఒలీవచెట్టు గారు అడిగిన రెండో ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది.

“నిజమే ప్రభువా”: వాదన లేదు, మాటకు మాట లేదు. ఇశ్రాయేలుకు ఇచ్చిన వాగ్దానం ఇశ్రాయేలుదే, పిల్లల రొట్టె పిల్లలదే అని ఒప్పుకుంది.

“కుక్కపిల్లలు కూడ”: ఇంగ్లీషు అనువాదాలు కొన్ని ఇక్కడ “అయినప్పటికీ” అన్న అర్థం పెడతాయి. అలా పెడితే ఆమె ఎదురు చెప్పినట్టు వినిపిస్తుంది. గ్రీకులో ఉన్నది “ఎందుకంటే, కుక్కపిల్లలు కూడా” అన్న అర్థం. ఆయన మాటకు ఆమె అడ్డు చెప్పలేదు, దానికి కొనసాగింపు చెప్పింది. మత్తయిలో మన పాత అనువాదం “కాని” పెట్టకుండా చివర “గదా” పెట్టింది. “తినును గదా!” ఎదుటివాడు ఒప్పుకోక తప్పని మాటకు మనం ఇంట్లో వాడే గదా అదే.

ఇప్పుడు క్రియలు చూడండి. ఆయన అన్నది రొట్టె తీసికొని కుక్కపిల్లలకు వేయుట. ఆమె అన్నది బల్లమీదనుండి పడు ముక్కలు. తీయడం లేదు, వేయడం లేదు, పడడమే. పిల్లల చేతిలోంచి ఒక్క తునక కూడా లాక్కోనక్కర్లేదు. వాళ్లు తింటుండగానే నాకూ సరిపోతుంది, నీ బల్ల అంత నిండుగా ఉంది అంటోంది. పైగా “తమ యజమానుల బల్ల” అంది. కుక్కపిల్లలను కూడా ఆ ఇంటి కప్పు కిందికే తెచ్చేసింది.

ఇందులో తగ్గింపు ఎక్కడ ఆగింది, ధైర్యం ఎక్కడ మొదలైంది అని గీత గీయండి చూద్దాం. గీయలేం. తనకు హక్కేమీ లేదని ఒప్పుకున్న మాటే ఆమెకు అడగడానికి ఆధారమైంది. అందుకని రెండు పాయింట్లుగా విడగొట్టకండి, ఈ ఒక్క వచనాన్నే పాఠానికి నడుం చేయండి. మిగతాదంతా దీనికి దారి.

సండేస్కూల్_అక్క
మార్కు_ఏడు గారు చెప్పిన “పడు” ను కళ్లకు చూపించవచ్చు. ఒక రొట్టె తెచ్చుకోండి. చపాతీ వద్దు, మెత్తగా సాగుతుంది, ఒక్క రేణువు రాలదు. జొన్నరొట్టె మంచిది, అందులోనూ ముందురోజు చేసి ఆరినది. కింద ముదురురంగు గుడ్డ పరచండి, తెల్ల గుడ్డ మీద ముక్కలు కనబడవు. అందరూ చూస్తుండగా రొట్టెను నాలుగు భాగాలు చేసి నలుగురికి ఇవ్వండి. ఎవరి భాగమూ తగ్గలేదు. తర్వాత గుడ్డ చూపించండి. వివరణ రెండు వాక్యాలు మించకూడదు, గుడ్డే చెబుతుంది.

నాటకం వేయించాలనిపిస్తుంది. వద్దు. పెద్దవాళ్ల కూడికలో ఎవరో కుక్కపిల్ల వేషం వేయగానే నవ్వులు వస్తాయి, ఇక పాఠం చేతికి రాదు. పిల్లల తరగతిలోనూ మొరిగించకండి.

ఇంకో పొరపాటు: ఆ కాలంలో రొట్టెతో చేతులు తుడుచుకుని కుక్కలకు పడేసేవారు, ఈ ముక్కలు అవే అని కొందరు చెబుతారు. వాక్యంలో ఉన్నది పడే చిన్న ముక్కలు. తుడుచుకోవడం గురించి ఏమీ లేదు. అలాగే ఆమె పేరు యుస్తా, కూతురు బెర్నీకే అని ఒక పాత రచనలో ఉంది. అది తర్వాతి కాలపు సంప్రదాయం. లేఖనంలో ఆమెకు పేరు లేదు.

ఒలీవచెట్టు
జొన్నరొట్టె సంగతి రాసుకున్నాను అక్కా. ఇంకో సందేహం. “ప్రభువు ఆమె విశ్వాసాన్ని పరీక్షించాడు” అని అందరూ చెబుతారు. అలా చెప్పవచ్చా?

తూరుదారి
చెప్పవచ్చు గానీ, వాక్యం చెప్పినట్టుగా చెప్పకండి. యోహాను 6:6 లో ఫిలిప్పును అడిగినప్పుడు, అతన్ని పరీక్షించడానికే అడిగాడని యోహానే రాశాడు. ఇక్కడ మత్తయి గానీ మార్కు గానీ ఆ మాట రాయలేదు. జరిగినది మాత్రం రాశారు. ఈ మౌనానికి కారణం మనకు చెప్పలేదు, ఆ మౌనంలో ఆమె ఏం చేసిందో చెప్పారు. కష్టంలో ఉన్న తల్లికి “ఇది పరీక్ష” అని సులువుగా అనేయకుండా ఇది కాపాడుతుంది.

సమాధానపురం
అదే వరసలో ఇంకొకటి, ఇది ప్రాణం మీది సంగతి. కూడికలో బాగుకాని బిడ్డ ఉన్న తల్లి ఉండొచ్చు. “ఆమెలాగా నమ్మితే నీ బిడ్డ బాగయ్యేది” అన్న అర్థం వచ్చేలా ఒక్క వాక్యం కూడా జారనివ్వకండి. ఫిట్స్, మానసిక రోగం, పిల్లల్లో ఎదుగుదల లోపం ఉన్నవాళ్లకు దయ్యం పట్టిందన్న ముద్ర వేయకండి. ముఖ్యంగా ఫిట్స్ మాత్రలు డాక్టరు చెప్పకుండా ఆపకూడదు. హఠాత్తుగా ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణాపాయం అవుతుంది. ప్రార్థనతోపాటు మాత్ర కూడా వేళకు పడాలని నోరు తెరిచి చెప్పండి.

గుంటూరు_లూథరన్
ఆమేన్. ఈ వచనాల్లో ఆమె చేసింది అడగడం ఒక్కటే. ఇన్ని రోజుల ఉపవాసం, ఇంత కానుక అన్న లెక్కేదీ లేదు.

మార్కు_ఏడు
మార్కు ముగింపును వదలకండి. మత్తయి ఆమె విశ్వాసాన్ని మెచ్చుకున్న మాట రాశాడు. మార్కులో విశ్వాసం అన్న పదమే లేదు. “ఈ మాట చెప్పినందున వెళ్లుము” అని ఉంది. ఆమె వెళ్లింది. ఆయనను ఇంటికి రమ్మనలేదు, గుర్తు అడగలేదు. కూతురు ఎలా ఉందో తెలియకుండా, ఒక్క మాట పట్టుకుని దారంతా నడిచింది. ఇంట్లో ఆమె చూసింది మంచం మీద పడుకుని ఉన్న బిడ్డను. ధైర్యం కేకలు వేయడంలోనే కాదు, ఈ తిరుగు నడకలోనూ ఉంది. చాలామంది చివరి రెండు నిమిషాల్లో దీన్ని పరుగెత్తిస్తారు.

ఆ తర్వాత మార్కు 8లో నాలుగు వేలమంది రొట్టెలు తిని “తృప్తి పొందిరి”. 7:27 లో “పిల్లలు మొదట తృప్తి పొందవలెను” అన్నచోట ఉన్నది అదే గ్రీకు క్రియ. మిగిలిన ముక్కలు ఏడు గంపలు.

వాక్యధ్యాని
సారెపతు విధవరాలిని కూడా పక్కన పెడితే బాగుంటుంది కదా. తూరు, సీదోనుల మధ్య ఊరే. అక్కడ ఏలీయా “మొదట నాకొక చిన్న అప్పము” అన్నాడు (1 రాజులు 17:13). తొట్టిలో ఉన్నది పట్టెడు పిండి, అదీ తనకూ కొడుకుకూ ఆఖరి పూటకు. ఆ అన్య స్త్రీ ఇశ్రాయేలు ప్రవక్తకు మొదట పెట్టింది. ఇక్కడ ఇంకో అన్య స్త్రీ, అదే తీరంలో, పిల్లలకు మొదట అంటే నిజమే అంది.

ఒలీవచెట్టు
ఇది నాకు తట్టలేదు అన్నా, వందనాలు. సమయం ఇలా పంచుకున్నాను, చూసి చెప్పండి: రెండుసార్లు చదవడం 5 నిమిషాలు, మ్యాపు 5, మూడు మాటలూ మౌనమూ 12, కుక్కపిల్లల మాటా “అమ్మా” పిలుపూ 10, జొన్నరొట్టె 5, తిరుగు నడకా ప్రార్థనా 8. సారెపతును మ్యాపులోనే చుక్క పెట్టి చెప్పేస్తాను. కూడిక చివర చదవడానికి ఒక చిన్న భాగం కావాలి.

సండేస్కూల్_అక్క
సరిపోతుందమ్మా. మొదటిసారి మీరు చదవండి, రెండోసారి ఆమె మూడు మాటలూ అందరి చేతా పలికించండి. పెద్దవాళ్లకు ఒక్కసారి చాలదు, ఒక్కో మాట మూడుసార్లు.

తూరుదారి
చివర అపొస్తలుల కార్యములు 21:3-6 చదవండి. పౌలు ఎక్కిన ఓడ సరుకు దించడానికి తూరులో ఆగింది. అక్కడ శిష్యులు ఉన్నారు, ఏడు రోజులు వాళ్ల దగ్గర ఉన్నాడు. బయలుదేరే రోజు వాళ్లు భార్యలతోనూ పిల్లలతోనూ పట్టణం బయటిదాకా సాగనంపారు. అందరూ సముద్రతీరాన మోకాళ్లూని ప్రార్థన చేశారు. అదే తూరు.